గోడ మీద పది ఆజ్ఞలు, ఓటు దగ్గర వేరే లెక్క: అమెరికా మత సంప్రదాయవాదుల నైతికత గురించి

ఫ్రిస్కో_అమ్మ
మేము ఉండేది టెక్సస్‌లోని కాలిన్ కౌంటీలో. మా అమ్మాయి తరగతి గదిలో బైబిల్‌లోని పది ఆజ్ఞల పోస్టర్ పెట్టారు. 2025 జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో ప్రతి తరగతి గదిలోనూ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉన్న పోస్టర్ అందరికీ కనబడే చోట ఉండాలి. వేరే దేవుళ్లు ఉండకూడదని, విగ్రహాలు చేసుకోకూడదని చెప్పే వాక్యాలను రోజూ పూజ జరిగే ఇంట్లో పెరుగుతున్న పిల్ల చదవవలసి రావడం నాకు బాధగానే ఉంది. అయితే ఆ విషయం కోర్టుల్లో నడుస్తోంది కనుక ఇక్కడ నేను అడుగుతున్నది దాని గురించి కాదు.

ఈ చట్టం తరఫున కోర్టుల్లో పోరాడుతున్న రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ మా కౌంటీలోని మెకినీకి చెందినవారే. పోస్టర్లు పెట్టలేదని గాల్వెస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ మీద ఆయన దావా కూడా వేశారు. 2023లో ఆయన మీద జరిగిన అభిశంసన విచారణలో వివాహేతర సంబంధం ప్రస్తావన సాక్ష్యాల్లోనే వచ్చింది. రాష్ట్ర సెనేట్ ఆయనను నిర్దోషిగా వదిలిపెట్టింది. మా ప్రాంతపు సెనేటర్ అయిన ఆయన భార్య ఏంజెలా పాక్స్‌టన్ ఓటు హక్కు లేకుండా అదే సభలో కూర్చుని ఆ సాక్ష్యాలన్నీ విన్నారు. 2025 జూలైలో ఆమె బైబిల్ ఒప్పుకునే కారణాలతోనే విడాకులు కోరుతున్నానని బహిరంగంగా ప్రకటించి, పిటిషన్‌లో వ్యభిచారాన్ని కారణంగా చూపారు. మా పక్కింటావిడ ఆదివారం ఆరాధన ఎన్నడూ తప్పనివారు, మా పిల్లలను సొంత పిల్లల్లా చూసుకునే మంచి మనిషి. ఆమె ఓటు ఇప్పటికీ పాక్స్‌టన్‌కే. నిజంగా అర్థం చేసుకోవాలనే అడుగుతున్నాను, ఈ రెండింటినీ వాళ్లు మనసులో ఎలా పొందికగా పెట్టుకుంటారు?

మధ్యేమార్గం
ఇది ఒక పార్టీకి పరిమితమైన జబ్బు కాదు. బిల్ క్లింటన్, జాన్ ఎడ్వర్డ్స్ డెమొక్రాట్లే. న్యూయార్క్‌లో వ్యభిచార ముఠాల మీద కేసులు నడిపిన ఎలియట్ స్పిట్జర్ గవర్నర్ అయ్యాక అలాంటి చోటికే డబ్బు కట్టి వెళ్లినట్టు తేలి 2008లో రాజీనామా చేశారు. మతం పేరు చెప్పేవారిని మాత్రమే ఎందుకు పట్టుకోవాలి?

ఫ్రిస్కో_అమ్మ
మధ్యేమార్గం గారూ, స్పిట్జర్ విషయంలో మీరు చెప్పింది న్యాయమే, ఆయన కూడా ఆ కోవలోకే వస్తారు. అయితే ఆయన రాజీనామా చేశారు, ఆయన పార్టీ ఆయనను వెనకేసుకు రాలేదు. మనుషులు తప్పు చేయడం నన్ను ఆశ్చర్యపరచడం లేదు. ఇతరుల పిల్లలకు నీతిని చట్టంతో నేర్పించాలనేవారు తమ నాయకుడి దగ్గరికి వచ్చేసరికి అదే నీతిని ఎందుకు అడగరన్నదే నా ప్రశ్న.

పాత_పత్రికలు
దీనికి జవాబు వెతకాలంటే 1998కి వెళ్లాలి. క్లింటన్, మోనికా లెవిన్‌స్కీ వ్యవహారం నడుస్తున్న ఆ ఏడాది జూన్‌లో, అమెరికాలోని అతిపెద్ద ప్రొటెస్టంట్ సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ సాల్ట్ లేక్ సిటీలో సమావేశమై, ప్రజా పదవుల్లో ఉన్నవారి నైతిక ప్రవర్తన గురించి ఒక తీర్మానం చేసింది. నాయకుల ఘోరమైన తప్పులను సహిస్తే సమాజపు మనస్సాక్షి మొద్దుబారుతుందని, అది చివరకు దేవుని తీర్పుకు దారితీస్తుందని అందులో రాశారు. మాట బలమైనది, నా మట్టుకు నాకు అందులో తప్పు కూడా కనబడదు.

ఇప్పుడు ఆ వ్యవహారంలో క్లింటన్ మీద అభిశంసన నడిపినవారిని చూడండి. స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ ఆ రోజుల్లోనే ప్రతినిధుల సభలోని ఒక ఉద్యోగినితో వివాహేతర సంబంధంలో ఉన్నారు. ఆ సంగతి ఆయనే 2007లో జేమ్స్ డాబ్సన్ రేడియో కార్యక్రమంలో ఒప్పుకున్నారు. న్యాయ కమిటీ అధ్యక్షుడు హెన్రీ హైడ్ నలభై దాటిన వయసులో నడిపిన సంబంధం బయటపడితే దానిని యౌవనపు పొరపాటు అన్నారు. గింగ్రిచ్ తర్వాత స్పీకర్ కావలసిన బాబ్ లివింగ్‌స్టన్ తన సంబంధాలు బయటపడటంతో, 1998 డిసెంబరు 19న అభిశంసన ఓటు రోజునే సభలో నిలబడి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆయన స్థానంలో, మచ్చలేని మనిషి అన్న పేరుతో, డెన్నిస్ హాస్టర్ట్ వచ్చారు. హాస్టర్ట్ ఇల్లినాయ్‌లో కుస్తీ కోచ్‌గా ఉన్న కాలంలో తన విద్యార్థులనే లైంగికంగా వేధించారని, వారిలో ఒకరి నోరు మూయించడానికి డబ్బు ఇస్తూ బ్యాంకు నిబంధనలు తప్పారని తేలి, 2016లో 15 నెలల జైలు శిక్ష పడింది.

వీరిలో లివింగ్‌స్టన్ ఒక్కరే తాను ఇతరుల మీద పెట్టిన పరీక్షను తన మీద కూడా పెట్టుకున్నారు. గింగ్రిచ్ మాత్రం 2012లో అధ్యక్ష పదవికి పోటీ చేసి దక్షిణ కరోలినా ప్రైమరీ గెలిచారు, అక్కడ ఇవాంజెలికల్స్, అంటే బైబిల్‌నే అంతిమ ప్రమాణంగా పట్టుకునే ప్రొటెస్టంట్ల ఓట్లలో ఎక్కువ వాటా ఆయనదే.

నల్లమల
లివింగ్‌స్టన్ సంగతి నాకు తెలియదు. ఆయన ఖాళీ చేసిన సీటుకు ఎవరు వచ్చారో కూడా చెప్పండి.

పాత_పత్రికలు
లూసియానాలోని ఆ సీటు డేవిడ్ విట్టర్‌కు దక్కింది. కుటుంబ విలువలే ఆయన ప్రచారం. 2007లో ఆయన ఫోను నంబరు వాషింగ్టన్‌లోని ఒక వ్యభిచార వ్యాపారి జాబితాలో దొరికింది, అప్పటికి ఆయన సెనేటర్. ఘోరమైన పాపం చేశానని క్షమాపణ చెప్పారు, పదవి వదలలేదు, 2010లో సులువుగానే మళ్లీ గెలిచారు.

బెతెస్ద
నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్ని, డాలస్ దగ్గర ఒక తెలుగు చర్చి సంఘంలో సభ్యురాలిని. ఈ చర్చ చదువుతుంటే కోపం కన్నా బాధ ఎక్కువ కలిగింది, ఎందుకంటే ఇక్కడ రాసిన వాస్తవాల్లో నేను కాదనగలిగినది ఏదీ లేదు. కానీ క్రైస్తవులందరూ ఇంతే అన్న మాట మాత్రం ఎవరూ అనవద్దు. జిమ్మీ కార్టర్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో సదరన్ బాప్టిస్టే, పదవి దిగాక కూడా జార్జియాలోని తన చిన్న ఊరి సంఘంలో దశాబ్దాల పాటు సండే స్కూల్ చెప్పిన మనిషి. 2019 డిసెంబరులో ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని క్రిస్టియానిటీ టుడే పత్రిక సంపాదకుడు మార్క్ గాలీ రాశారు, ఆ పత్రికను స్థాపించింది బిల్లీ గ్రాహం. సదరన్ బాప్టిస్టుల నైతిక విషయాల విభాగానికి పెద్దగా ఉన్న రస్సెల్ మూర్ 2016లోనే ట్రంప్‌ను వ్యతిరేకించి, సొంతవారి చేతిలో మాటలు పడి, 2021లో ఆ పదవిని, ఆ తర్వాత ఆ సమాఖ్యనే విడిచిపెట్టారు. విశ్వాసాన్ని గట్టిగా పట్టుకున్నందువల్లే వీరు అడ్డు చెప్పారు. సంప్రదాయం ఎక్కువై ఈ పరిస్థితి వచ్చిందని నేను ఒప్పుకోను, సంప్రదాయాన్ని అధికారం కోసం మార్చుకున్నందువల్ల వచ్చింది.

ఓటు_నాది
ఇక్కడ అటువైపు నుంచి మాట్లాడేవారు లేరు కనుక నేను మాట్లాడతాను. నేను రిపబ్లికన్లకు ఓటు వేస్తాను, క్రైస్తవుణ్ని కాదు. ఫ్రిస్కో_అమ్మ గారి పక్కింటావిడ కపటంగా ప్రవర్తిస్తున్నారని నేను అనుకోను. ఓటు అనేది అభ్యర్థికి ఇచ్చే శీల ధ్రువపత్రం కాదు. గర్భంలోని శిశువును చంపడం హత్య అని మనస్ఫూర్తిగా నమ్మే వ్యక్తి ఎదుట ఇద్దరు అభ్యర్థులు ఉన్నారనుకోండి. ఒకరు వ్యక్తిగతంగా మంచివారు కానీ ఆ హత్యను హక్కు అంటారు, మరొకరు మూడు పెళ్లిళ్లు చేసుకున్నవారు కానీ దానిని ఆపే న్యాయమూర్తులను నియమిస్తానంటారు. ట్రంప్ నియమించిన గోర్సచ్, కావనా, బారెట్ ముగ్గురూ కలిసి వచ్చినందువల్లే 2022 జూన్ 24న సుప్రీంకోర్టు ఇచ్చిన డాబ్స్ తీర్పు, అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన పాత రో తీర్పును రద్దు చేసింది. వారు కోరుకున్నది వారికి దక్కింది. పాత నిబంధనలో ఇశ్రాయేలీయులను చెర నుంచి విడిపించిన కోరెషు రాజు యూదుడు కాడని, అయినా దేవుడు అతన్ని వాడుకున్నాడని వారు చెబుతారు. మీకు నచ్చకపోవచ్చు, కానీ అందులో ఒక క్రమమైన ఆలోచన ఉంది.

పాత_పత్రికలు
ఓటు_నాది గారూ, మీ వాదన నిలకడగా ఉంది, దానిని నేను గౌరవిస్తాను. కానీ అది ముందునుంచీ వారి వాదన అయి ఉంటే మాత్రమే అది క్రమమైన ఆలోచన అవుతుంది. పబ్లిక్ రిలిజియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఒకే ప్రశ్నను రెండు సార్లు అడిగింది. వ్యక్తిగత జీవితంలో అనైతికంగా ప్రవర్తించిన నాయకుడు ప్రజా బాధ్యతలను మాత్రం నీతిగా నిర్వహించగలడా అంటే, 2011లో తెల్ల ఇవాంజెలికల్స్‌లో 30 శాతం మంది అవునన్నారు. 2016లో 72 శాతం మంది అవునన్నారు. ఆ ఐదేళ్లలో బైబిల్ మారలేదు, అభ్యర్థి మారారు. ఆ ఎన్నికలో వారిలో ప్రతి పదిమందిలో ఎనిమిది మంది ట్రంప్‌కు ఓటు వేసినట్టు ఎగ్జిట్ పోల్స్ చూపాయి.

క్లింటన్ కాలంలో వారే వచ్చి, మాకు శీలం ముఖ్యం కాదు, న్యాయమూర్తులే ముఖ్యం అని చెప్పి ఉంటే ఈ రోజు ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. దేవుని తీర్పు పేరుతో మాట్లాడి, ఆ తీర్పును ప్రత్యర్థికే పరిమితం చేయడాన్ని కపటం అనక తప్పదు.

ఓటు_నాది
30, 72 అన్న తేడాకు నా దగ్గర సమాధానం లేదు. నాయకత్వం అలా మాట్లాడటం వల్ల మామూలు విశ్వాసుల మాటకు విలువ తగ్గిందని ఒప్పుకుంటాను.

వైద్యురాలు_హ్యూస్టన్
చర్చ అంతా పరస్త్రీ సంబంధాల చుట్టూ తిరుగుతోంది. నా దృష్టిలో అసలు అన్యాయం వేరే చోట ఉంది. టెనెసీ నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన స్కాట్ డెస్‌జార్లే స్వయానా వైద్యుడు, అబార్షన్ వ్యతిరేకి. ఆయన తన దగ్గర వైద్యం చేయించుకున్న ఒక స్త్రీతో సంబంధం పెట్టుకుని, ఆమెను అబార్షన్ చేయించుకోమని ఒత్తిడి చేసిన సంభాషణ 2012లో బయటికి వచ్చింది. ఆ ఏడాదీ గెలిచారు, ఆ తర్వాత కూడా వరుసగా గెలుస్తూనే ఉన్నారు. పెన్సిల్వేనియాకు చెందిన టిమ్ మర్ఫీ తన ప్రియురాలికి అదే సూచన చేసినట్టు 2017 అక్టోబరు 3న పత్రికలో వార్త వచ్చింది. అదే రోజు ప్రతినిధుల సభలో 20 వారాల తర్వాత అబార్షన్‌ను నిషేధించే బిల్లుకు ఆయన అనుకూలంగా ఓటు వేశారు. మర్ఫీ మాత్రం రాజీనామా చేశారు.

టెక్సస్ చట్టం కింద అబార్షన్ చేసిన వైద్యులకు యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు, లక్ష డాలర్లకు తగ్గని జరిమానా ఉంది, లైసెన్సు పోతుంది. తల్లి ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు మినహాయింపు ఉన్నా, ఆ అపాయం ఎంత ముదిరితే చట్టం ఒప్పుకుంటుందో తెలియక, ముందుగానే ఉమ్మనీరు పోయిన గర్భిణుల దగ్గర మేము ఫోన్లు పట్టుకుని న్యాయవాదులను అడిగిన రాత్రులు ఉన్నాయి. ఈ మధ్య కొత్త చట్టంతో కొంత స్పష్టత తెచ్చారు. నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు అమ్మాయి, హెచ్1బి భర్త మీద ఆధారపడిన వీసాలో ఉన్నది, రెండో బిడ్డ కోసం ఎంతో ఆశపడింది, అలాంటి పరిస్థితిలోనే జ్వరం వచ్చేదాకా వేచి ఉండవలసి వచ్చింది. డబ్బు, పలుకుబడి ఉన్నవారు న్యూ మెక్సికోకు విమానం ఎక్కుతారు. చట్టం చేసినవాడి ఇంటికి ఆ చట్టం రాకపోవడం, ఆ అమ్మాయి మంచం దగ్గరికి మాత్రం రావడం, ఈ రెండూ ఒకే రాజకీయంలో నుంచి పుట్టినవే. దీనిని ప్రాధాన్యాల లెక్క అని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోలేను.

ఓటు_నాది
డాక్టర్ గారూ, ఆ అమ్మాయి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అలాంటి సందర్భాలకు మినహాయింపు స్పష్టంగా రాయకుండా చట్టం చేయడం బాధ్యతారాహిత్యం, అందులో నాకు రెండో మాట లేదు.

ఇల్లెందు_యువకుడు
నాకు ఒక సందేహం. మత సంప్రదాయవాదుల ఈ ఉద్యమం మొదలైందే అబార్షన్ కోసమా? 1973లో రో తీర్పు రాగానే చర్చిలన్నీ రోడ్డెక్కాయని మా యూనివర్సిటీలో ఒకరు చెప్పారు.

తూర్పు_తీరం
కాథలిక్కుల విషయంలో అది చాలావరకు నిజం, ఇవాంజెలికల్స్ విషయంలో కాదు. సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1971లో చేసిన తీర్మానం అత్యాచారం, రక్తసంబంధీకుల వల్ల వచ్చిన గర్భం, పిండంలో తీవ్ర లోపం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని వంటి సందర్భాల్లో అబార్షన్‌ను అనుమతించే చట్టాల కోసం సభ్యులను పనిచేయమంది.

వారిని మొదట కదిలించినది పన్ను మినహాయింపు తగాదా. పాఠశాలల్లో జాతి విభజన చెల్లదని కోర్టులు చెప్పాక దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లపిల్లల కోసం ప్రైవేటు క్రైస్తవ పాఠశాలలు పుట్టుకొచ్చాయి. పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో 1967లో తెరిచిన పాఠశాల గురించి స్థానిక పత్రిక తెల్ల విద్యార్థుల పాఠశాల అనే రాసింది. జాతి వివక్ష చూపే సంస్థలకు పన్ను మినహాయింపు ఉండదని ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ నిర్ణయించి, దక్షిణ కరోలినాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీకి 1976లో దానిని రద్దు చేసింది. ఆ యూనివర్సిటీ వేర్వేరు జాతుల విద్యార్థుల మధ్య ప్రేమను నిషేధించింది, ఆ నిషేధాన్ని 2000 దాకా ఎత్తివేయలేదు. సుప్రీంకోర్టు 1983లో 8-1తో ఐఆర్ఎస్ వైపు నిలిచింది. ఈ ఉద్యమానికి వ్యూహకర్త అయిన పాల్ వేరిక్, విశ్వాసులను రాజకీయాల్లోకి తెచ్చినది అబార్షన్ కాదని, ఆ పాఠశాలల మీద ప్రభుత్వం చేసిన దాడేనని తర్వాత కాలంలో స్వయంగా చెప్పారు.

ఫాల్వెల్, వేరిక్ కలిసి 1979లో మోరల్ మెజారిటీ అనే మత సంప్రదాయవాద రాజకీయ సంస్థను స్థాపించారు. మరుసటి ఏడాది ఎన్నికలో ఒకవైపు సండే స్కూల్ చెప్పే కార్టర్ ఉన్నారు. మరోవైపు విడాకులు తీసుకుని రెండో పెళ్లి చేసుకున్న రేగన్ ఉన్నారు. కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో అబార్షన్ నిబంధనలను సడలించిన చట్టం మీద, 1969లో తప్పు ఎవరిదో నిరూపించకుండానే విడాకులు ఇచ్చే చట్టం మీద సంతకం చేసింది ఆయనే. మోరల్ మెజారిటీ రేగన్‌ను ఎంచుకుంది. అందుకే, ట్రంప్‌తో ఇదంతా మొదలైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఓటు_నాది
నాయకుల ఉద్దేశం అది కావచ్చు, కానీ 1980ల్లో చలిలో నిలబడి గర్భిణులకు సహాయం చేసే కేంద్రాలు నడిపిన లక్షలాది సామాన్యులకు బాబ్ జోన్స్ పేరు కూడా తెలిసి ఉండదు. వారి నమ్మకాన్ని వేరిక్ వ్యూహంతో కలిపి కొట్టివేయకండి.

తూర్పు_తీరం
కొట్టివేయడం లేదు. ఆ నమ్మకం నిజమైనదే కనుక దానిని వాడుకున్నవారి మీద నా అభ్యంతరం ఇంకా ఎక్కువ.

టస్కలూసా_పూర్వవిద్యార్థి
ఓటు_నాది గారు చెప్పిన సామాన్యుల గురించి నేను చూసినది చెప్పాలి. 2017లో నేను అలబామాలో చదువుతున్నాను. సెనేట్ ఉప ఎన్నికలో రాయ్ మూర్ పోటీ చేశారు. రాష్ట్ర న్యాయస్థాన భవనంలో పది ఆజ్ఞల రాతి శిలను పెట్టించి, తీసివేయమన్న ఫెడరల్ కోర్టు ఆదేశాన్ని ధిక్కరించి, 2003లో ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్న మనిషి ఆయనే. ముప్పైల వయసులో ఉన్నప్పుడు ఆయన మైనర్ బాలికల వెంటపడ్డారని, వారిలో ఒకరికి అప్పుడు 14 ఏళ్లని పలువురు స్త్రీలు చెప్పారు, ఆయన కాదన్నారు. తెల్ల ఇవాంజెలికల్స్‌లో 80 శాతం మంది ఆయనకే ఓటు వేసినట్టు ఎగ్జిట్ పోల్ చూపింది.

నాకు ఇల్లు అద్దెకిచ్చిన పెద్దాయన బాప్టిస్ట్ డీకన్, జీవితమంతా రిపబ్లికన్. డెమొక్రాట్‌కు ఓటు వేయడానికి ఆయనకు మనసొప్పలేదు, మూర్‌కు వేయడానికి మనస్సాక్షి ఒప్పలేదు, అందుకని బ్యాలెట్ మీద వేరే పేరు రాసి వచ్చారు. అలబామా సెనేటర్ రిచర్డ్ షెల్బీ కూడా అదే చేశానని బహిరంగంగా చెప్పారు. ఆ ఎన్నికలో మూర్ ఓడింది సుమారు 22 వేల ఓట్ల తేడాతో, అలా వేరే పేర్లు రాసిన ఓట్లు అంతకన్నా కొంచెం ఎక్కువ. శీలం ముఖ్యమన్న పాత మాటకు కట్టుబడిన కొద్దిమంది ఉంటే ఫలితం మారుతుందని నేను అక్కడ కళ్లారా చూశాను.

బెతెస్ద
టస్కలూసా గారూ, అదే ఎన్నికలో నల్లజాతి ఓటర్లు దాదాపు అందరూ డెమొక్రాట్ అభ్యర్థి డగ్ జోన్స్ వైపు నిలిచారని కూడా చెప్పాలి. వారిలో చాలామంది మాలాగే బైబిల్‌ను అక్షరాలా నమ్మే సంఘాలవారు. ఒకే వాక్యం చదివి ఇంత దూరంగా ఓటు వేస్తున్నారంటే, ఓటును నిర్ణయిస్తున్నది వాక్యం ఒక్కటే కాదని తెలుస్తోంది.

మధ్యేమార్గం
మనవాళ్లు కూడా అంతే కదా. మా ఊరి తెలుగువారి వాట్సాప్ గ్రూపులో ఎన్నికల ముందు చర్చ అంతా గ్రీన్ కార్డు బ్యాక్‌లాగ్, పన్నుల గురించే నడిచింది. అభ్యర్థి ఎలాంటి మనిషన్న ప్రశ్న ఎవరూ ఎత్తలేదు.

ఫ్రిస్కో_అమ్మ
మధ్యేమార్గం గారూ, నిజమే, కానీ మనం ఆ పన్నుల లెక్కను దేవుడి ఆజ్ఞ అని చెప్పి ఇతరుల పిల్లల తరగతి గోడకు తగిలించలేదు.

వైద్యురాలు_హ్యూస్టన్
1998 నాటి తీర్మానం చేసిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ గురించి ఒక మాట మిగిలిపోయింది. 2019లో హ్యూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్ న్యూస్ పత్రికలు కలిసి పరిశోధించి, ఇరవై ఏళ్లలో సుమారు 380 మంది సంఘ నాయకులు, సేవకుల మీద లైంగిక నేరారోపణలు వచ్చాయని, బాధితులు 700 మందికి పైనేనని రాశాయి. 2022 మే నెలలో వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక, నిందితుల పేర్ల జాబితా ఒకటి సమాఖ్య కార్యాలయంలోనే రహస్యంగా తయారై ఉన్నా, సంఘాలను హెచ్చరించలేదని, న్యాయం అడిగిన స్త్రీలను శత్రువుల్లా చూశారని బయటపెట్టింది. దేశానికి నీతి చెప్పడానికి తీర్మానాలు చేస్తున్న కాలంలోనే ఇదంతా జరిగింది. చికిత్సకు వచ్చే కొందరు స్త్రీలు చిన్నప్పుడు సంఘంలో జరిగినది ఇప్పుడు నలభై ఏళ్లు దాటాక నాతో చెబుతారు, ఆనాడు వారి మాట ఎవరూ నమ్మలేదు.

బెతెస్ద
అది చదివిన రోజు మా ఇంట్లో నా భర్త, నేను ప్రార్థన చేయలేక ఊరుకున్నాం.

ఇల్లెందు_యువకుడు
బెతెస్ద గారూ, మీ తెలుగు సంఘంలో ఈ రాజకీయాలు వస్తాయా? మీ పాస్టర్ గారు ఫలానావారికి ఓటు వేయండని చెబుతారా?

బెతెస్ద
ఇంతకుముందు చెప్పేవారు కాదు. 1954 నాటి జాన్సన్ సవరణ వల్ల సంఘాలు అభ్యర్థులను బలపరిస్తే పన్ను మినహాయింపు పోతుందనే భయం ఉండేది. 2025 జూలైలో టెక్సస్‌లో నడుస్తున్న ఒక కేసులో, ఆరాధనలో భాగంగా సొంత సంఘస్థులతో అభ్యర్థుల గురించి మాట్లాడటం ఆ సవరణ కిందికి రాదని ఐఆర్ఎస్ కోర్టుకు రాసి ఇచ్చింది. ఆ తర్వాత మా దగ్గర ఒక స్థానిక అభ్యర్థి ఆదివారం ఆరాధనలో ఐదు నిమిషాలు మాట్లాడతానని కబురు పంపారు. కుటుంబ విలువల కోసం నిలబడే సహోదరుడని కొందరు పెద్దలు పిలవమన్నారు. పెద్దల కమిటీలో నేను, మరో ఇద్దరం ఒకే షరతు పెట్టాం. ఒకరిని పిలిస్తే ఆ పదవికి పోటీ చేస్తున్న అందరినీ పిలవాలి, పాత తీర్మానంలో రాసిన శీలపరీక్ష అందరికీ ఒకే తీరుగా పెట్టి, ఆ ప్రశ్నలు సంఘం ముందే అడగాలి అన్నాం. ఆ షరతుకు ఆ అభ్యర్థి మనుషులు ఒప్పుకోలేదు. చివరికి పుల్పిట్ మీద ఏ అభ్యర్థికీ చోటు లేదని కమిటీ ఓటు వేసి నిర్ణయించింది. పిలవమన్న కుటుంబాల్లో ఒకటి వేరే సంఘానికి వెళ్లిపోయింది, వారి అమ్మాయి, మా అమ్మాయి కలిసి క్వయర్‌లో పాడేవారు. ఆ నిర్ణయం తీసుకున్నందుకు నాకు విచారం లేదు, వారు వెళ్లినందుకు ఉంది.